సమ్మతి పత్రంలో కర్త ఎవరు?

పిహెచ్‌డి చివరి రెండేళ్లలో ఫెలోషిప్ ఆగిపోయాక నా ఇంటద్దె సమ్మతి పత్రాల అనువాదంతో గడిచింది. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే ముందు వాళ్లకిచ్చి సంతకం తీసుకునే ఫారాలవి. షుగరు, బీపీ, ఉబ్బసం, కీళ్లనొప్పులు. అన్నీ మన ఇళ్లల్లో ఉన్న జబ్బులే. భాష మాత్రం ఏ ఇంట్లోనూ లేనిది.

'మీరు యాదృచ్ఛికంగా ఏదో ఒక సమూహానికి కేటాయించబడతారు' అన్న వాక్యం ప్రతి ఫారంలోనూ ఉండేది. ఏ మందు ఎవరికన్నది డాక్టరు కూడా నిర్ణయించరని దాని అర్థం. డాక్టరు తనకు తోచినవాళ్లకు కొత్త మందూ, మిగిలినవాళ్లకు పాతదీ ఇస్తే, తేడా మందువల్ల వచ్చిందో ఎంపికవల్ల వచ్చిందో తేలదు. అందుకని 'చీటీలు తీసినట్టు' అని రాశాను. ఏజెన్సీ వాళ్లు కొట్టేశారు. నా తెలుగుని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. అది మొదటి ఇంగ్లీషుతో సరిపోవాలి. ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న మనిషికి అర్థమైందా లేదా అన్న పరీక్ష ఆ పద్ధతిలో ఎక్కడా లేదు. వ్యాకరణం చదువుకున్న దాన్ని కాబట్టి ఇంకోటీ కనిపించేది. కేటాయించబడతారు, పరీక్షించబడతారు, తొలగించబడతారు. క్రియలన్నీ ఉన్నాయి, కర్తే లేదు.

ఆ ఫారాల్లో ఆడవాళ్ల కోసం విడిగా ఒక పేరా ఉంటుంది, 'గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీ' అంటూ. గర్భ పరీక్షలు చేయించుకోవాలి, గర్భం రాకుండా చూసుకోవాలి. థాలిడొమైడ్ చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఈ జాగ్రత్తని తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ ఆ జాగ్రత్త పేరుతోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1977లో అలాంటి స్త్రీలను తొలి దశ ప్రయోగాలకు దూరంగా ఉంచమంది. ఆ మాట 1993లో గానీ మారలేదు. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందని 1989లో తేల్చిన పెద్ద పరిశోధనలో 22,071 మంది డాక్టర్లున్నారు. ఒక్క స్త్రీ లేదు. స్త్రీల సంగతి 39,876 మందిని పదేళ్లు గమనించాక 2005లో బయటపడింది. మొత్తం మీద వాళ్లలో గుండెపోట్లు తగ్గలేదు, పక్షవాతం కొంత తగ్గింది. మగవాళ్లలో కనిపించినదానికి ఇది దాదాపు తలకిందులు. మధ్యలో గడిచిన పదహారేళ్లూ మగవాడి ఒంటి లెక్కే మనందరి లెక్క అయింది.

లేకపోవడం ఒక అన్యాయమైతే, ఉండడం ఎలాగన్నది ఇంకో ప్రశ్న. అది నాకు మా జిల్లా నేర్పింది.

2009 జులైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. దాదాపు 14,000 మంది. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని నివారించే టీకా. 2010 మార్చిలో 'సమ' మహిళా బృందం భద్రాచలం వెళ్లి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏప్రిల్లో కేంద్రం ఆపేయించింది. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. దాన్ని నేను కాదనను. నన్ను నిలేసింది 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలోని అంకెలు. చూసిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

నేనూ హాస్టల్లో చదివినదాన్నే. జ్వరమొస్తే మా వార్డెనమ్మే రాత్రంతా కూర్చునేది. స్కాలర్‌షిప్ కాగితాల మీదా ఆవిడ సంతకమే. ఆవిడని అనుమానించాలని మాకు తోచేది కాదు, ఆవిడకీ పైవాళ్లు పంపిన కాగితాన్ని అనుమానించాలని తోచేది కాదు. ప్రేమా, అధికారమూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ చెయ్యి పెట్టే సంతకాన్ని సమ్మతి అనగలమా? వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు?

కథ ఇక్కడితో అయిపోతే నా కోపం తేలిగ్గా ఉండేది. ఖమ్మం గొడవతో దేశంలో ఇంకో హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి పెట్టుకున్నది. దాంట్లో 4,950 మంది పిల్లలకు ఒక్క డోసుతోనే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఒక్క డోసుకే రక్షణ దాదాపు అంతే ఉందని కనిపించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని ఒప్పుకోవడానికి ఆ పిల్లలూ ఒక ఆధారం. పేద దేశాల ఆడపిల్లలకు టీకా చేరువయ్యే దారి అలా పడింది. అనుకోకుండా దొరికిన ఆ జ్ఞానాన్ని నేను వద్దనలేను. జ్ఞానం దొరికింది కదా అని 2,763 సంతకాల్ని మర్చిపోనూ లేను.

మొన్న మా అక్క ఫోన్ చేసి, "అంత చదివావుగా, పిల్లకి ఈ టీకా వేయించమంటావా వద్దంటావా?" అంది. పిల్లకి పదకొండేళ్లు.

"వేయించు. దేనికో దానికి చెప్పి వేయించు" అన్నాను.

"అవన్నీ ఇప్పుడే దానికెందుకే?"

అదే అసలు కష్టం. లైంగిక సంబంధం ద్వారా అంటుకునే వైరస్ అని ఏ ఇంట్లో చెబుతాం? హాస్టల్లోనూ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పం. తేడా ఏమిటి? చివరికి ఫోన్ పిల్లకిమ్మని నేనే చెప్పాను, తెలిసిన మాటల్లో, చీటీల భాషలో. అంతా విని, "మగపిల్లలకి వెయ్యరా పిన్నీ?" అంది. ఆస్ట్రేలియాలో 2013 నుంచీ వాళ్లకీ వేస్తున్నారని చెప్పాను. "మరి మా క్లాసులో?" అంది. ఆ ప్రశ్నకి చోటున్న ఫారం నేనింతవరకూ అనువదించలేదు.

2019 నిబంధనల ప్రకారం ప్రయోగాలకు అనుమతినిచ్చే ప్రతి ఎథిక్స్ కమిటీలోనూ ఒక స్త్రీ, వైద్యం చదవని ఒక సామాన్య సభ్యురాలో సభ్యుడో ఉండి తీరాలి. సామాజిక శాస్త్రాలవాళ్లకూ చోటుంది. కథల్లో మౌనాల్ని చదవడం వచ్చినవాళ్లం, వాక్యంలో కర్త మాయమైతే పట్టుకోగలవాళ్లం మనం. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటున్నారో కనుక్కుందాం. మన విశ్వవిద్యాలయాల పక్కనే ఉన్న ఆస్పత్రులతో మొదలుపెట్టి అడుగుదాం.