వెల్గటూర్‌లో గాలిలో వచ్చే బొమ్మలు

కరీంనగర్‌లో రాయపట్నం వైపు పోయే బస్సెక్కితే చొప్పదండి దాటుతుంది, ధర్మారం దాటుతుంది, ఆ తర్వాత వస్తుంది వెల్గటూర్. ఇంకొంచెం ముందుకు పోతే గోదావరి వంతెన, అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. 2016 అక్టోబరు దాకా ఈ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో మండల కేంద్రం. సినిమా పత్రికవాళ్ళకి ఇక్కడేం పని అంటారా? హీరో లేడు, హీరోయిన్ లేదు. షూటింగ్ మాత్రం ఉంది!

ఊరి గొప్ప చెప్పకుండా ముందుకి పోతే బాగుండదు. ఈ మండలంలోనే కోటిలింగాల ఉంది, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసేచోట. పురావస్తు శాఖవారు తవ్వితే శాతవాహనుల తొలినాటి నాణేలు దొరికాయక్కడ. సిముకుడి పేరున్నవి కూడా. ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు ఆ ప్రాంతానికి తగిలింది. నాణెం మీద పేరు కొట్టించుకున్న రాజుకైనా అదెలా పడిందో అచ్చు దిగాకే తెలిసి ఉంటుంది. మన తాతలకీ, తండ్రులకీ ఫోటో స్టూడియోలో జరిగింది అదే.

ఆ కథ మారింది. ఎలా మారిందో చూద్దామనే ఈ ప్రయాణం.

రోడ్డు మీద ఒక స్టూడియో. పేరు రాయొద్దన్నాడు యజమాని. "పేరెందుకు సార్, ఊరు పేరు రాయండ్రి సాలు" అన్నాడు. లోపల ఒక గది, గోడకి తెర, రెండు గొడుగు లైట్లు, ఒక బల్ల. గోడ నిండా పాస్‌పోర్ట్ సైజు ముఖాలు. ఈ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ళు లేని ఊరు వెతకాలి. వెళ్ళేవాడికి మొదటి మజిలీ ఫోటో స్టూడియోనే కదా!

ఆ రోజు వచ్చింది ఒక కుటుంబం. ముసలావిడ, చిన్నకొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. చిన్నకొడుక్కి సెలవు నాలుగు రోజులే మిగిలింది. పెద్దకొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ముసలావిడ బల్ల మీద బిగుసుకుని కూర్చుంది, పరీక్ష రాయడానికి వచ్చినట్టు.

"అవ్వా, జర ఇటు సూడు." క్లిక్. మెరుపు. రెండు మూడు లెక్కపెట్టేలోగా, కెమెరాకి ఏ తీగా లేకుండా, పక్క కుర్చీలో ఉన్న టాబ్లెట్ మీద బొమ్మ ప్రత్యక్షం! కుటుంబమంతా తొంగిచూసింది. అవ్వ కళ్ళు మూసుకుపోయాయి.

"అయ్యో కొడుకా, మల్లొక్కటి తియ్యి" అంది అవ్వ.

ఆ "మల్లొక్కటి" ఉంది చూశారూ, అసలు సంగతంతా అందులోనే ఉంది. రీలు రోజుల్లో ఆ మాట అనే వీలే లేదు. "36 ఫోటోల రీలు నిండేదాక ఆగుతుంటిమి సార్. నిండినంక కరీంనగర్ పంపి కడిగిస్తుంటిమి. అవ్వ కండ్లు మూసుకున్నదని తెలిసేటాల్లకు కొడుకు దుబాయిల ఉంటుండె" అన్నాడు యజమాని. మళ్ళీ అందరూ కలిసి కూర్చోవాలంటే రెండేళ్ళో మూడేళ్ళో. అప్పటికి అవ్వ ఉంటుందో లేదో! కళ్ళు మూసుకున్న ఫోటోకే చట్రం కట్టించుకున్న ఇళ్ళున్నాయి మరి.

సినిమావాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. మద్రాసు ల్యాబు నుంచి రషెస్ వచ్చేదాకా షాట్ ఎలా వచ్చిందో దైవాధీనం. 1960లో ‘ది బెల్‌బాయ్’ తీస్తూ జెర్రీ లూయిస్ సినిమా కెమెరాకి తోడు వీడియో కెమెరా పెట్టుకుని తన నటన తనే చూసుకున్నాడు. ఇప్పుడు మానిటర్ లేని షూటింగే లేదు. స్టిల్ ఫోటోల కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1943లో ఎడ్విన్ లాండ్ కూతురు, మూడేళ్ళ పిల్ల, తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని నాన్నని నిలదీసిందట. 1948లో పోలరాయిడ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. గాలిలో పంపే పద్ధతి 2003లో నికాన్ డి2హెచ్‌కి తగిలించే పెట్టెతో పెద్ద ఫోటోగ్రాఫర్లకి అందింది. 2012లో కెనన్ 6డి దాన్ని ఒంట్లోనే పెట్టుకుని వచ్చింది.

మరి మర్మమేమిటి? కెమెరాయే ఒక చిన్న వైఫై కేంద్రం అవుతుంది. దాని పేరు, పాస్‌వర్డ్ వెనక తెర మీద కనిపిస్తాయి. ఫోనో టాబ్లెట్టో దానికి కలిపి, కెమెరా కంపెనీ యాప్ తెరిస్తే చాలు. ఇంటర్నెట్ అక్కర్లేదు. అయితే చిక్కూ అక్కడే! ఇందులో ఇంటర్నెట్ లేదని ఫోను అలిగి మొబైల్ డేటాకి దూకేస్తుంది, బొమ్మలు ఆగిపోతాయి. అందుకే షూటింగ్ అయ్యేదాకా డేటా ఆపేయాలి. ముడి ఫైలు, అంటే రా ఫైలు, ఒక్కోటి ముప్పై నలభై ఎంబీ తూగుతుంది. అది పంపితే బండి నత్తనడకే. చూపించడానికి చిన్న జేపెగ్ పంపి, అసలుది కార్డులోనే ఉంచుకుంటాడు మనవాడు. బ్యాటరీ మాత్రం తొందరగా తాగేస్తుంది, రెండోది జేబులో ఉండాల్సిందే. పెద్ద నగరాల ప్రకటనల షూటింగుల్లో ఇప్పటికీ తీగనే నమ్ముతారు చాలామంది, తీగ అలగదు గనుక. పిల్లలు పరిగెత్తే ఈ గదిలో తీగ ఉంటే కెమెరా కిందపడటానికి ఎంతసేపు!

ఇంకో తంటా చుట్టాలతో. తెర కనిపిస్తే చాలు, ప్రతివాడూ డైరెక్టరే. బావ లైటు ఎక్కువైందంటాడు, వదిన పైట సరిగా లేదంటుంది. సినిమా సెట్లో మానిటర్ చుట్టూ మూగేవాళ్ళని మనం చూడలేదా! అందుకే ఈ యజమాని టాబ్లెట్‌ని ముందు అవ్వ వైపే తిప్పుతాడు. నా ఓటు కూడా ఆ పద్ధతికే. బొమ్మ ఎవరిదో వాళ్ళే ముందు చూడాలి.

ఆరో ఫోటోకి అవ్వ తలూపింది. అప్పుడు చిన్నకొడుకు తన ఫోను తీశాడు. యజమాని కెమెరాని ఆ ఫోను హాట్‌స్పాట్‌కి కలిపాడు. ఇలా కలిపితే బొమ్మా వస్తుంది, డేటా కూడా నడుస్తుంది. నిమిషంలో ఫోటో మస్కట్ చేరింది. అటు నుంచి ఫోన్.

"అవ్వా, నా జాగ ఏది? తమ్మునికి ఎడమ పక్క సోటు ఇడువుమను, నన్ను తర్వాత అతికిస్తడు."

అందరూ లేచి, ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి మళ్ళీ కూర్చున్నారు. అవ్వ ఆ ఖాళీ వైపు ఓసారి చూసి, కొంగు సర్దుకుని, కళ్ళు పెద్దవి చేసింది. క్లిక్!

బయట బెంచీ మీద పాస్‌పోర్ట్ ఫోటో కోసం ఒక కుర్రాడు చాలాసేపటి నుంచి దువ్వెనతో కూర్చునున్నాడు.