ఉప్పు చల్లిన ఊళ్ళో కారు స్నానం

పిల్లలూ, మా మారేడుపల్లి వీధిలో తెల్లవారుతూనే వినబడే చప్పుళ్ళలో కారు కడిగే చప్పుడు ఒకటి. ఒక బాల్చీ నీళ్ళు, ఒక పాత గుడ్డ, అంతే సరంజామా. కడిగే అబ్బాయి కారు మీద నీళ్ళు గుమ్మరిస్తాడు, నాలుగు పక్కలా తుడుస్తాడు, అద్దాల మీద ఒకసారి చెయ్యి తిప్పుతాడు, మరొక ఇంటికి వెళ్ళిపోతాడు. కారు అడుగున ఏమున్నదో అతను వంగి చూడడు. చూడవలసిన అవసరం కూడా అంతగా లేదు. సికిందరాబాదుకు సముద్రం రమారమి 300 కిలోమీటర్ల దూరం. ఇక్కడ దుమ్ము ఉన్నది, వానాకాలంలో బురద ఉన్నది. రెండూ నీళ్ళు పోస్తే పోయేవే. డిసెంబరు నెలలో మనం "అబ్బ, ఏం చలి!" అంటూ మఫ్లర్లు చుట్టుకునే రోజుల్లో కూడా బాల్చీలోని నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి.

నేను ముప్ఫైనాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. అందులో పదకొండేళ్ళు హెడ్మాస్టరుగిరీ. ఉప్పు గురించీ, మంచు గురించీ, ఇనుముకు పట్టే తుప్పు గురించీ ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. అయినా ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో నాకు తెలియలేదు. తెలుసుకోవటానికి అమెరికాలోని డెట్రాయిట్ దాకా వెళ్ళవలసివచ్చింది. దానికి మా కోడలు చెల్లించిన వెల సంగతి కూడా దాచకుండా చెబుతాను.

మా అబ్బాయి కాపురం డెట్రాయిట్‌కు వాయవ్యాన ఉన్న నోవై అనే ఊళ్ళో. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వెంకటేశ్వరస్వామికి గుడి కూడా కట్టుకున్నారు. మేము వెళ్ళింది జనవరిలో. మర్నాడు పొద్దున గుడి దగ్గర కారు దిగేసరికి నేలంతా తెల్లటి పలుకులు. మా ఇంటావిడ వంగి ఒకటి తీసి చూసి, "ఇదేమిటండీ, రాళ్ళ ఉప్పు! ఊరు మొత్తానికీ దిష్టి తీశారా ఏం?" అన్నది.

దిష్టికి కాదు, మంచుకు. కుల్ఫీ అమ్మే బండి దగ్గర మీరెప్పుడైనా నిలబడి చూశారా? కుండలో ఐసు ముక్కలు పోసి, వాటిమీద గుప్పెళ్ళతో ఉప్పు చల్లుతాడు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతుంది. అయితే ఆ కరిగిన ఉప్పునీరు ఐసు కంటే కూడా చల్లగా ఉంటుంది. అందుకే లోపలి పాలు గడ్డకడతాయి. మంచినీరు సున్న డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కాని తగినంత ఉప్పు కలిసిన నీరు సున్నకు దిగువ 21 డిగ్రీల దాకా కూడా గడ్డకట్టకుండా ఉండగలదు. అక్కడివాళ్ళు రోడ్డంతటినీ కుల్ఫీ కుండ చేస్తారన్నమాట! మంచు గట్టిపడి గాజుపలకలాగా అయిన రోడ్డు మీద చక్రానికి పట్టు దొరకదు. బ్రేకు వేసినా కారు ఆగదు, జారిపోతుంది. ఉప్పు చల్లితే ఆ పలక కరిగి విడిపోతుంది. చలి మరీ ముదిరి సున్నకు దిగువ తొమ్మిది పది డిగ్రీలకు పోతే మామూలు ఉప్పు మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడు వంటి లవణాలు కలుపుతారు. కొన్నిచోట్ల బీట్ దుంపల నుంచి చక్కెర తీయగా మిగిలిన రసం కూడా కలుపుతారట! రోడ్డుకు బీట్‌రూట్ రసం పోయటం నేను వినటం అదే మొదలు.

ఇంత ఉప్పు ఎక్కడిది? అమెరికాలో ఏటా కోటి టన్నులకు పైగా ఉప్పు రోడ్ల పాలవుతుంది. మన నౌపడాలో, చినగంజాంలో సముద్రపు నీటిని మళ్ళకు పెట్టి, ఎండలో ఇగర్చి ఉప్పు తీస్తారు. డెట్రాయిట్‌కు సముద్రం లేదు. కాని ఒకప్పుడు ఉండేది! దాదాపు 40 కోట్ల సంవత్సరాల కిందట అక్కడ ఉండిన సముద్రం ఎండిపోయి, దాని ఉప్పు పొరలు పొరలుగా భూమి అడుగున మిగిలిపోయింది. 1906లో దానికోసం బావిలాంటి గొయ్యి తవ్వటం మొదలుపెట్టారు. వెయ్యి అడుగులకు పైగా తవ్వి, 1910 నాటికి ఉప్పును అందుకున్నారు. ఈనాడు ఆ నగరం కింద మరో నగరం ఉన్నదనవచ్చు. అందులో ఉప్పు గోడలు, ఉప్పు స్తంభాలు, ఉప్పును తొలిచి వేసిన బాటలు. లోపలికి దిగే దారి ఇరుకు గనక పెద్ద పెద్ద యంత్రాలను పైన ముక్కలుగా విప్పి, కిందికి దింపి, అక్కడ మళ్ళీ బిగిస్తారు. నేను ఆ గనిలోకి దిగలేదు. పైనుంచి వెళుతూ, "నా కాళ్ళ కింద వెయ్యి అడుగుల లోతున సముద్రపు ఉప్పు ఉన్నది గదా!" అనుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఇక నా నిర్వాకం వినండి.

ఆ ఆదివారం ఎండ కాసింది. థర్మామీటరు సున్నకు పైన 2 డిగ్రీలు చూపిస్తున్నది. భోజనాలయి అబ్బాయి కునుకు తీస్తున్నాడు. వాకిట్లో చూద్దును గదా, వాడి నల్లకారు విభూతి పూసుకున్న బైరాగిలాగా తెల్లగా ఉన్నది. సాయంత్రం నాలుగింటికి నేను మన వీధిలోని అబ్బాయిలాగే బాల్చీ, గుడ్డ పట్టుకుని బయలుదేరాను. ముందు పొడి గుడ్డతో తుడిచాను. అది మొదటి తప్పు. ఉప్పు పలుకులూ, ఇసకా గుడ్డకు అంటుకుని రంగు మీద గీతలు గీశాయి. తరవాత నాలుగు బాల్చీల నీళ్ళు పోశాను. అవి సిమెంటు వాలు మీదుగా చక్కగా జారిపోయాయి. తలుపులు మూసి, చేతులు దులుపుకుని లోపలికి వచ్చాను.

ఆ రాత్రి చలి సున్నకు దిగువ 11 డిగ్రీలకు పడిపోయింది. తెల్లవారి కోడలు ఆఫీసుకు బయలుదేరింది. వాకిట్లో రెండో అడుగు వెయ్యగానే జారి పడింది. నేను పోసిన నీళ్ళే కంటికి కనిపించని పలకలా గడ్డకట్టి ఉన్నాయి! కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆసుపత్రికి తీసుకుపోదామంటే కారు తలుపు రాదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీలో దిగిన నీరు గడ్డకట్టి, తలుపును చట్రానికి అతికించింది. అబ్బాయి ఎంత లాగినా లాభం లేకపోయింది. చివరకు పక్కింటాయన తన కారులో తీసుకువెళ్ళాడు. ఆరు వారాలు కట్టు. "మామయ్యగారూ, మీరు బాధపడకండి. ఇక్కడ ప్రతివాళ్ళూ ఒకసారి పడినవాళ్ళే," అన్నది ఆ పిల్ల. ఆ మాటతో నా తల ఇంకా వంగిపోయింది.

మరుసటి శనివారం అబ్బాయి నన్ను కార్లు కడుక్కునే షెడ్డుకు తీసుకుపోయాడు. దారిలో, "నాన్నగారూ, మీరు కడిగినది కనిపించే భాగం. కడగవలసినది కనిపించని భాగం," అన్నాడు. అది ఎందుకో చెబుతాను.

చక్రాలు తిరుగుతూ ఉంటే రోడ్డు మీది ఉప్పునీరు కారు అడుగుకు చిమ్ముతుంది. ఇనుము తుప్పు పట్టటానికి నీరూ, గాలిలోని ప్రాణవాయువూ కావాలి. తుప్పు పట్టేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది: లోహంలో ఒకచోటి నుంచి మరొకచోటికి సన్నటి విద్యుత్తు నడుస్తుంది. ఆ విద్యుత్తు చుట్టి రావటానికి మంచినీరు కాలిబాట అయితే, ఉప్పునీరు రాజబాట. అందుచేత పని చాలా తొందరగా సాగుతుంది. పైగా ఆ లవణాలు గాలిలోని చెమ్మను పీల్చుకుని, కారు అడుగును ఆరనివ్వవు. ఇంకొక వింత ఏమంటే, గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా నడుస్తుంది. ఉప్పు పట్టిన కారును కడగకుండా వెచ్చటి గారేజీలో పెడితే మంచు కరిగి, తుప్పు పరుగులు తీస్తుంది!

కారు అడుగున పెన్సిలు కంటే సన్నటి ఉక్కు గొట్టాలు పోతూ ఉంటాయి. మనం బ్రేకు తొక్కినప్పుడు ఆ గొట్టాలలోని ద్రవమే ఒత్తిడిని చక్రాల దాకా తీసుకుపోతుంది. గొట్టం తుప్పు పట్టి పగిలితే ద్రవం కారిపోతుంది, కాలు నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఈ సంగతి తేలికగా తీసుకోవద్దని 2015లో అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ, చలిప్రాంతాలలో పాత కార్లు ఉన్నవారిని హెచ్చరించింది. చలికాలమంతా కారు అడుగుభాగాన్ని కడుగుతూ ఉండమనీ, గొట్టాలను పరీక్ష చేయించమనీ చెప్పింది. రోడ్డు మీద ప్రాణాలు కాపాడటానికి చల్లిన ఉప్పే కారు కింద చేరి ఇలా పొంచి ఉంటుందన్నమాట.

షెడ్డులో అబ్బాయి పొడి గుడ్డ ముట్టుకోలేదు. ముందుగా గొట్టం వంచి, కారు అడుగునా, చక్రాల మీది గూళ్ళలోనూ నీటిధార బాగా కొట్టాడు. గోధుమరంగు నీళ్ళు ధారలుగా కారాయి. ఆ తరవాతనే పైభాగానికి సబ్బునీళ్ళు, పైనుంచి కిందికి. గుడ్డను ఒక బాల్చీలో జాడించి, మరొక బాల్చీలోని సబ్బునీటిలో ముంచాడు. అలా చేస్తే ఇసక మళ్ళీ కారు మీదికి రాదు. వేడినీళ్ళు అద్దం మీద మాత్రం పొయ్యనివ్వలేదు. చల్లటి గాజు మీద మరిగే నీళ్ళు పడితే పగులుతుంది. అన్నీ అయ్యాక తలుపులు బార్లా తీసి, రబ్బరు పట్టీలను పొడి గుడ్డతో అద్ది, వాటికి సిలికోను నూనె రాశాడు. ఇంటికి వచ్చేటప్పుడు బ్రేకును రెండు మూడు సార్లు మెల్లగా నొక్కాడు, తడి ఆరటానికి. ఇదంతా పగటిపూట, చలి సున్నకు నాలుగైదు డిగ్రీలు పైన ఉన్న రోజున. సాయంత్రం నాలుగింటికి కాదు!

అబ్బాయి ఈ పని పది పదిహేను రోజులకు ఒకసారి చేస్తాడు. మంచుకాలం పోయాక మరొకసారి అడుగంతా బాగా కడిగిస్తాడు. వాకిట్లో ఎందుకు కడగకూడదని అడిగితే మరో కారణం చెప్పాడు: వీధి కాలవలో పడిన నీరు సరాసరి వాగులోకి పోతుంది, సబ్బూ, ఉప్పూ చేపలకు మంచివి కావు. షెడ్డు నీరు మురుగునీటిని శుద్ధిచేసే చోటికి పోతుంది.

మా మనవడికి ఇదంతా నమ్మకం కలగలేదు. అందుకని ఇద్దరం ఒక పరీక్ష చేశాము. మీరూ చేసి చూడండి. మూడు కొత్త ఇనప మేకులు తీసుకుని, గరుకు కాగితంతో రుద్దండి. ఒకదానిని పొడి దూదిలోనూ, ఒకదానిని మంచినీటితో తడిపిన దూదిలోనూ, ఒకదానిని ఉప్పునీటితో తడిపిన దూదిలోనూ చుట్టి, మూడు పళ్ళేలలో పెట్టండి. దూది ఆరిపోతే దేని నీరు దానికే రోజూ చిలకరించండి. నాలుగు రోజుల తరవాత విప్పి చూడండి. వంటింటి గట్టు మీద మాత్రం పెట్టకండి. మూడో రోజున ఎర్రగా మరకలు పడిన దూదిని చూసి మా ఇంటావిడ చెత్తబుట్టలో పారేసింది. మళ్ళీ మొదటినుంచీ చెయ్యవలసివచ్చింది.