అందరి ముఖాలూ

పక్షుల ఫోటోలు తీయడం డబ్బున్నవాళ్ళ సరదా అంటారు. మా హాస్టల్లో ఎవరికీ కెమెరా లేదు. ఇక్కడే చదువుకుని ఇప్పుడు స్టూడియోలో పనిచేస్తున్న ఒక అన్నయ్య ఆదివారం నాడు తన కెమెరాతో మమ్మల్ని గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్ళారు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లనిండా గూళ్ళు పెట్టే చోటది.

అక్కడ మేము నేర్చుకున్నది ఒకటే సూత్రం. ఎఫ్ అంకె తగ్గిస్తే లెన్సు రంధ్రం పెద్దదవుతుంది. వెలుతురు ఎక్కువగా వస్తుంది, కానీ స్పష్టంగా పడే లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, తగ్గుతుంది. చిన్న సెన్సరున్న ఆ కెమెరాకు 300 మి.మీ. లెన్సు పెట్టి, 10 మీటర్ల దూరంలోని కొంగను ఎఫ్/5.6లో తీస్తే ఆ లోతు సుమారు జానెడే. అందుకే ఫోకస్ కంటిమీదే పెట్టాలి. తల్లీపిల్లా రెండూ స్పష్టంగా రావాలంటే ఎఫ్/11 పెట్టాలి. అప్పుడు లోతు మూరెడవుతుంది, వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుంది. షట్టర్ వేగం 1/1000 సెకను నుంచి 1/250కి తగ్గించాలి, లేదా ఐ.ఎస్.ఓ. నాలుగు రెట్లు పెంచాలి. రెక్కలాడించే పక్షికి 1/250 చాలదు.

ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి. కాస్మెటిక్ ఛార్జీలు చేతికొచ్చిన రోజు సబ్బా, కొబ్బరినూనా అని తేల్చుకునే మాకు ఈ లెక్క కొత్త కాదు.

వార్షికోత్సవం గ్రూపు ఫోటో కూడా అదే కెమెరాతో మేమే తీశాం. చిన్న లెన్సు, ఎఫ్/8. కొంగ వెనక చెట్టు మసకబారితే అందమే. మన ఫోటోలో వెనక వరుస తమ్ముడి ముఖం మాత్రం మసకబారకూడదు.