రెక్క మలుపు తిరగాలి కదా!

నిన్న అనంతపురం నుంచి బెంగళూరు వస్తుంటే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రోడ్డు పక్కన ఆగిన ట్రైలర్ ఒకటి కనబడింది. దాని మీద గాలిమర రెక్క. ఒక్కటే!

టీ తాగుతున్న డ్రైవర్‌ను కదిలించాను. "హైవే మీద ఏముంది సార్, ఊర్లోకి తిరిగినాకనే కత" అన్నాడు.

నిజమే. గాలిమరలు చేసే సుజ్లాన్ వాళ్ల ఎస్144 మోడల్‌లో రెక్కల చక్రం వ్యాసం 144 మీటర్లు. అంటే ఒక్కో రెక్క దాదాపు 70 మీటర్లు. ముక్కలు చేసి తెచ్చేది కాదు. బెంగళూరు సిల్క్‌బోర్డు జంక్షన్ దగ్గర నాలుగు మీటర్ల కారు తిప్పడానికే మనం దేవుణ్ని తలుచుకుంటాం!

అందుకే గాలిమర కంటే ముందు దారి సర్వే వస్తుంది. ప్రతి మలుపూ కొలుస్తారు. లోపలివైపు చేను కొంత చదును చేయాలి, అడ్డొచ్చే కరెంటు తీగలు ఎత్తించాలి. రెక్కది పొడవు బాధైతే, మర తలకాయలాంటి నాసెల్‌ది బరువు బాధ. పాత కల్వర్టు దాన్ని మోస్తుందా? ఉరవకొండ వైపు నల్లరేగడిలో వాన పడితే ట్రాక్టరే దిగబడుతుంది, ఇక క్రేన్ సంగతి చెప్పాలా?

నా మటుకు, మలుపు దగ్గర చేను ఇచ్చే రైతుతో మాట్లాడటమే అసలు ప్లానింగ్. వేరుశనగ పీకేదాకా ఆగితే సగం తగాదా ఉండదు.

అన్నట్టు, ఇలాంటి బండి మలుపు తిరుగుతుంటే ఓవర్‌టేక్ చేయకండి. తోక చాలా దూరం ఊగుతుంది.