షిర్దాక్‌ల ఊరు కొచ్కోర్

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కేక్ నుంచి కొచ్కోర్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. తోక్‌మోక్ పట్టణం దాటేదాకా చూయ్ లోయ చదునుగా, పొలాలతో సాగుతుంది. ఆ తర్వాత రోడ్డు బూమ్ కనుమలోకి దూరుతుంది. ఒక పక్క చెట్టూచేమా లేని కొండలు, ఇంకో పక్క ఒరుసుకుంటూ పారే చూయ్ నది. కనుమ దాటాక దారి చీలుతుంది. బండ్లలో చాలావరకు ఎడమకు, ఇస్సిక్-కుల్ సరస్సు వైపు వెళ్లిపోయాయి. మేం కుడికి తిరిగాం. ఓర్తో-తొకోయ్ జలాశయం నీలాన్ని చూస్తూ కాసేపు ప్రయాణించాక, మంచుకొండల మధ్య పోప్లార్ చెట్ల వరుసలతో కొచ్కోర్ కనిపించింది.

నాతో వచ్చింది మా చెల్లెలి కొడుకు. బిష్కేక్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వేలమంది పిల్లలు అక్కడ డాక్టరు చదువులో ఉన్నారు. రోగులతో మాట్లాడటానికి నేర్చుకున్న రష్యన్ వాడిని నాకు దుబాసీని చేసింది. చూడటానికి వచ్చే తల్లిదండ్రులను పిల్లలు ఇస్సిక్-కుల్‌కు తీసుకెళ్తారు. "కొచ్కోర్‌లో ఏముంది పెద్దమ్మా?" అని వాడు అడిగితే, "కుట్టుపని ఉంది" అన్నాను. కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్‌మాతొవ్ కథల్ని మాస్కో ప్రచురణల కాలంలో తెలుగులో చదివినవాళ్లకు ఈ కొండలు, గుర్రాలు, పచ్చిక బయళ్లు కొత్తవి కావు. ఆ కథల్లో మనుషులు కూర్చునే నేల మీద పరిచి ఉండే ఉన్ని పరుపు ఎలా తయారవుతుందో చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

ఆ పరుపు పేరు షిర్దాక్. వడికిన నూలుతో నేసిన తివాచీ కాదది. నూలూ లేదు, మగ్గమూ లేదు. గొర్రె ఉన్నిని వేడినీళ్లతో తడిపి, ఒత్తి, చుట్టి, దొర్లించి గట్టి దళసరి పొరగా మారుస్తారు. దాన్నే ఫెల్ట్ అంటాం. ఆ పొరల్ని రంగుల్లో ముంచి, ముగ్గులు కోసి, చేత్తో కుట్టి కూర్చితే షిర్దాక్ అవుతుంది.

కొచ్కోర్‌లో ఆడవాళ్లు కలిసి నడుపుకునే కుట్టుశాలలు ఉన్నాయి. మేం వెళ్లిన చోట పెరట్లో ఉన్ని పని మొదలైంది. తోలు పరిచి, దాని మీద ఉన్ని కుప్ప పోసి, ఇద్దరు అటూ ఇటూ కూర్చుని సన్నని పొడవాటి బెత్తాలతో కొడుతున్నారు. ప్రతి దెబ్బకూ దుమ్ము రాలి, ఉండలు విడిపోయి, ఉన్ని పొంగుతోంది. వాళ్లలో పెద్దావిడను అందరూ "అపా" అని పిలుస్తున్నారు. మేమూ అలాగే పిలిచాం. వసంతంలో కత్తిరించిన ఉన్ని కంటే, వేసవంతా కొండ మీద మేసి దిగిన గొర్రెలకు శరదృతువులో తీసిన ఉన్నే ఫెల్ట్‌కు బాగా కుదురుతుందని ఆవిడ చెప్పారు.

విడగొట్టిన ఉన్నిని చియ్ అనే గడ్డి పుల్లలతో అల్లిన చాప మీద సమంగా పరుస్తారు. ఎక్కడా పలచన పడకూడదు, ఎక్కడా గుబురు కట్టకూడదు. దాని మీద మరిగే నీళ్లు చిలకరించి, చాపతో సహా బిగించి చుట్టి, గోనెలో కట్టి, తాళ్లు వేస్తారు. ఇక ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, పిల్లలు అందరూ కలిసి ఆ చుట్టను తాడుతో లాగుతూ, కాళ్లతో తంతూ పెరడంతా తిప్పుతారు. కొంతసేపటికి విప్పి, మళ్లీ నీళ్లు చల్లి చుడతారు. చివరికి ఆడవాళ్లు వరుసగా మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి నుంచి మణికట్టు దాకా బరువు మోపి ఆ చుట్టను ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. ఆ వేడి, ఆ తడి, పచ్చి ఉన్ని వాసన ఈ పనికి ఎంత ఒళ్లు వంచాలో చెప్పకనే చెబుతాయి.

ఉన్ని ఇలా గట్టిపడటానికి కారణం దాని వెంట్రుకలోనే ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉన్ని పోగు మీద చిన్న చిన్న పొలుసులు ఉంటాయి. వేడి, తడి, ఒత్తిడి తగిలినప్పుడు పోగులు ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి. పొలుసులు వాటిని వెనక్కి రానివ్వవు. అందుకే ఒకసారి ఫెల్ట్ అయిన ఉన్నిని తిరిగి విడదీయలేం. అందుకే కోసిన అంచు నుంచి పోగు ఊడదు, మడిచి కుట్టే అవసరం ఉండదు. గుడ్డ మీద కుట్టేవాళ్లకు సగం పని ఆ అంచు దగ్గరే ఉంటుంది. ఆ బాధ లేని ఈ సరుకు దొరకడం వల్లే సంచార జాతులు ఇంత ధైర్యంగా కోసి, ఇంత పెద్ద ముగ్గులు వేయగలిగారని నా నమ్మకం.

లోపలి గదిలో కత్తి పని జరుగుతోంది. తెల్లటి ఫెల్ట్ మీద ఎర్రటి ఫెల్ట్ పెట్టి, పైన సుద్దముక్కతో సగం ముగ్గు గీశారు. పొట్టేలు కొమ్ముల వంపులు, మధ్యలో ఒక రెక్క. పదునైన కత్తితో రెండు పొరల్నీ ఒకేసారి కోశారు. తర్వాత ముక్కల్ని మార్చి పెట్టారు. ఎర్ర కొమ్ము తెల్ల నేలలోకి, తెల్ల కొమ్ము ఎర్ర నేలలోకి. ఒక్క కోతతో రెండు పనులు తయారు. ఒకదాంట్లో ముగ్గు అయినది ఇంకోదాంట్లో నేల అవుతుంది. ముక్క కూడా వృథా కాదు. ఏడాదికి పిడికెడు ఉన్ని కూడా పారేసుకోలేని కాపరుల ఇళ్లలో పుట్టిన లెక్క ఇది. దాన్నే కళగా మలిచారు.

"కత్తి ఒక్కపూట చాలు. కుట్టుకు చలికాలం మొత్తం కావాలి," అన్నారు అపా.

ఆ మాట ఎంత నిజమో సూది పట్టుకున్నాకే అర్థమవుతుంది. ముందు ముక్కల్ని అంచుకు అంచు ఆనించి కలుపుతారు. ఆ అతుకు మీద జియెక్ అనే ఉన్ని తాడును వేస్తారు. జియెక్‌లో రెండు పేటలు. ఒకటి కుడికి మెలితిప్పినది, ఒకటి ఎడమకు. పక్కపక్కన పెట్టి కుట్టేసరికి మెలికలు ఎదురెదురుగా వాలి, అతుకు పొడవునా చిన్న చిన్న కోణాలు బారులు తీరుతాయి. ఇది అందానికి మాత్రమే కాదు. కాలి రాపిడిని అతుకు మీద పడనివ్వకుండా తానే భరిస్తుంది. ఆఖరున ఈ పై పొర కింద రంగు వేయని మందపాటి ఫెల్ట్ ఆనించి, రెండింటినీ కలిపి ముగ్గు వంపుల వెంట వరసలు వరసలుగా కుట్టుకుంటూ వస్తారు. మన ఇళ్లలో అమ్మమ్మలు బొంత కుట్టినట్టే. కాకపోతే ఇక్కడ సూది దిగాల్సింది పాత చీర పొరల్లోకి కాదు, వేలు మందం ఉన్నిలోకి. కుట్టేది కూడా వడికిన ఉన్ని దారంతోనే. ప్రతి కుట్టునూ గుంజి బిగించాలి. అపా చూపుడువేలి పక్కన దారం కోసిన గీత ఒకటి గట్టిపడిపోయి ఉంది.

ఇంకో రకం పరుపు కూడా ఇక్కడ ఉంది, ఆలా-కియీజ్. అందులో రంగు ఉన్నిని ముగ్గుగా పేర్చి నేరుగా ఫెల్ట్‌లోకి ఒత్తేస్తారు. అంచులు మసకగా, మేఘాల్లోకి కరిగినట్టు ఉంటాయి. పని తొందరగా అవుతుంది, కానీ అది షిర్దాక్ అంతకాలం మన్నదు. షిర్దాక్‌కు ఆయుష్షు పోసేది కుట్టే. బాగా కుట్టిన షిర్దాక్ తల్లి నుంచి కూతురికి, ఆమె నుంచి మనవరాలికి వెళ్తుంది. అందుకే పెళ్లికూతురి సారెలో దానికి చోటు ఉండేది.

కొచ్కోర్ నుంచి సోంగ్-కోల్ సరస్సుకు వెళ్లాం. సముద్రమట్టానికి 3,016 మీటర్ల ఎత్తు. వేసవి నెలల్లో కాపరులు మందలతో ఈ పచ్చికకు ఎక్కి వస్తారు. జైలూ అంటారు ఆ మేత భూమిని. ఎటు చూసినా గడ్డి, గుర్రాలు, గుండ్రటి ఫెల్ట్ గుడారాలు. ఆ గుడారం బోజ్ యుయ్. దాని కప్పు మధ్య ఉండే చెక్క చట్రం తున్‌దుక్, కిర్గిజ్ జాతీయ జెండా మీద ఉన్నది అదే. గోడకు ఫెల్ట్, కప్పుకు ఫెల్ట్, నేలకు ఫెల్ట్. వేసవిలో కూడా రాత్రి చలి ఎముకలు కొరికే చోట, గొర్రె ఇచ్చిన ఉన్నే ఇల్లయింది.

గుమ్మానికి ఎదురుగా ఉండే చోటు తోర్. అతిథిని అక్కడే కూర్చోబెడతారు, ఇంట్లో ఉన్న మంచి షిర్దాక్‌ను అక్కడే పరుస్తారు. మమ్మల్నీ అక్కడే కూర్చోబెట్టి, చాయ్, నూనెలో వేయించిన బోర్సోక్‌లు, మీగడ ముందు పెట్టారు. వెనక గోడకు తుష్-కియీజ్ వేలాడుతోంది. గొలుసుకుట్టుతో తీగలు, పూలు నింపిన గుడ్డ అది. తల్లులు కొత్త దంపతుల కోసం కుడతారు. మ్యూజియంలో గాజు వెనక చూసినప్పుడు బొమ్మగా కనిపించిన షిర్దాక్ మీద ఇక్కడ పాప పాకుతోంది, ముసలాయన చాయ్ తాగుతున్నాడు. చేతిపని నిజంగా బతికి ఉండటమంటే ఇదే.

ఈ విద్య వయసు చాలా పెద్దది. ఆల్తాయ్ పర్వతాల్లో పజిరిక్ సమాధులను పురావస్తు శాస్త్రవేత్త సెర్గీ రుదెంకో 1940ల చివర్లో తవ్వినప్పుడు, మంచు గడ్డకట్టి కాపాడిన ఫెల్ట్ తెరలు బయటపడ్డాయి. రంగు ఫెల్ట్ ముక్కలు కోసి, కుట్టి కూర్చిన గుర్రపు రౌతుల బొమ్మలు వాటి మీద ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ పని ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. కోసి కుట్టే పద్ధతి అప్పటికే పండిపోయిందని అది చెబుతుంది.

అంతకాలం నిలిచింది గత వందేళ్లలో కదిలిపోయింది. సోవియట్ కాలంలో సంచార జీవితం ఆగింది. మిల్లులకు కావాల్సిన సన్న ఉన్ని కోసం గొర్రెల జాతుల్ని మార్చారు. 1991 తర్వాత సామూహిక క్షేత్రాలు కూలి మందలు సగానికి పైగా తగ్గిపోయాయి. చవక సింథటిక్ తివాచీలు బజారు నింపాయి. 2012లో యునెస్కో ఆలా-కియీజ్, షిర్దాక్ కళలను తక్షణం కాపాడాల్సిన వారసత్వం జాబితాలో చేర్చింది. పనివాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లనీ, చిన్నవాళ్లకు ఆసక్తి తగ్గిందనీ, మంచి ఉన్ని దొరకడం లేదనీ అప్పుడే నమోదు చేసింది. మగవాళ్లు పెట్టుకునే తెల్ల ఫెల్ట్ టోపీ అక్-కల్పాక్ తయారీ 2019లో యునెస్కో మరో జాబితాలోకి ఎక్కింది. ఆ టోపీని మాత్రం బిష్కేక్ వీధుల్లో ఇప్పటికీ తలల మీద చూస్తాం.

షిర్దాక్ గురించి యునెస్కో నమోదు చేసిన ఆ మాటలు చదివినప్పుడు నాకు మా పాలమూరు గొంగడి గుర్తొచ్చింది. అది ఫెల్ట్ కాదు. దక్కనీ గొర్రెల ఉన్నిని ఆడవాళ్లు వడికితే, కురుమలు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించేవారు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు వచ్చేసరికి నల్ల ఉన్ని తగ్గింది, గొంగడి తగ్గింది. గొర్రె మారితే చెయ్యి మారుతుందని రెండు నేలలూ ఒకే మాట చెబుతున్నాయి.

బిష్కేక్‌కు తిరిగొచ్చి ఓష్ బజారులో తిరిగాం. ఫెల్ట్ చెప్పులు, సంచులు, చిన్న ఒంటెలు, కొమ్ముల ముగ్గు కుట్టిన దిండు గలీబులు. ఇలాంటి చిన్న వస్తువుల వల్లే పల్లెల్లో చాలామంది ఆడవాళ్ల చేతికి సొంత డబ్బు వస్తోంది, కుర్ర పిల్లలు సూది పట్టడం నేర్చుకుంటున్నారు. వాటిని చిన్నచూపు చూడకూడదు. అదే దుకాణాల్లో షిర్దాక్ ముగ్గు అచ్చు వేసిన కృత్రిమ తివాచీలూ ఉంటాయి. తేడా తెలుసుకోవడం తేలిక. తిరగేసి చూడండి. చేత్తో కుట్టినదానికి అడుగున కుట్ల వరసలు కనబడతాయి, అవి యంత్రమంత సమంగా ఉండవు. ముగ్గు అంచున జియెక్ వేలికి తగులుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉన్ని వాసన వస్తుంది.

తెచ్చుకున్న షిర్దాక్‌ను నీళ్లలో నానబెట్టకండి. అక్కడివాళ్లు మంచు మీద బోర్లా పరిచి బెత్తంతో దులుపుతారు. మన దగ్గర ఎండలో వేసి దులిపి, వేపాకు వేసి చుట్టి పెడితే పురుగు పట్టదు. చేతిపని ఇష్టపడేవాళ్లు ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. రెండు రంగుల ఫెల్ట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక ఆకు కోయండి, మార్చి అమర్చండి, అతుకు మీద ఉన్ని దారం పరిచి కుట్టండి, చుట్టూ కాజా కుట్టు వేయండి. షిర్దాక్ సూత్రం మొత్తం ఆ అరచేతి ముక్కలో ఉంటుంది.

బిష్కేక్‌లో చదివే పిల్లలకూ, వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ నా మాట ఒక్కటే. ఒక పూట కొచ్కోర్‌కు కేటాయించండి. కుట్టే మనిషి చేతి నుంచే కొనండి. ఆవిడ చెప్పిన ధరలో ఒక చలికాలం కష్టం ఉంది, బేరమాడకండి. ఇక్కడ పాలమూరులోనో సిద్దిపేటలోనో గొంగడి నేసే ఇల్లు కనిపిస్తే అక్కడా అంతే చేయండి. యునెస్కో జాబితా ఆ కళకు పేరు తెస్తుంది. సూది పట్టినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది మాత్రం మనం కొన్నప్పుడే.