మాచవరం తాటిచెట్లు, పిడుగురాళ్ల సున్నం

పిడుగురాళ్ల దాటేదాకా అంతా సున్నమే. బట్టీల పక్కనున్న వేపచెట్ల ఆకులు కూడా తెల్లబారి ఉంటాయి. మాచవరం వైపు కాస్త సాగితే రంగు మారుతుంది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, పత్తికట్టె పీకేసిన నల్లరేగడి, గట్ల మీద వరసగా తాటిచెట్లు. ఫిబ్రవరి నెల కాబట్టి గీత ముమ్మరంగా సాగుతోంది. నేను వెళ్లింది ఆ గీత చూడటానికే. నన్ను అక్కడికి నడిపించింది మాత్రం తాటికీ కల్లుకీ ఏ సంబంధమూ లేని మరో మొక్క.

మా మేనల్లుడు సియాటెల్ దగ్గర ఉంటాడు. పెరటి కంచెకు హాప్స్ తీగ పాకించి, దాని పూలతో ఇంట్లోనే బీరు కాస్తాడు. సొంతానికి బీరు కాచుకోవడాన్ని అమెరికా ప్రభుత్వం 1978లో చట్టబద్ధం చేసింది. కిందటేడు ఫోన్లో అడిగాడు, "మామయ్యా, ఈ దుంప తెస్తే మన మాచవరం పొలంలో బతుకుతుందా?" అని. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరమని ముందే చెప్పాను. "కాచడం సంగతి వదిలెయ్, మొక్క సంగతి చెప్పు" అన్నాడు. అప్పట్నుంచి ఆ మొక్క గురించి దొరికిందల్లా చదివాను.

హాప్స్ గంజాయి కుటుంబంలోదే కానీ మత్తు మొక్క కాదు. నేలలో దుంప ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. వసంతంలో కొత్త తీగలు లేచి ఐదారు మీటర్లు పాకుతాయి, చలికాలం వచ్చేసరికి ఎండిపోతాయి. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. బీరుకు పనికొచ్చేది ఆడ తీగకు కాసే పూగుత్తులే. వాటి రేకుల మొదట్లో జిగురుగా పసుపుపచ్చని పొడి ఉంటుంది, చేదూ వాసనా అందులోనే. బార్లీ మొలకల రసంలో ఆ పూలను గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది. దించే ముందు వేస్తే వాసన నిలుస్తుంది. అమెరికాలో అత్యధికంగా హాప్స్ పండే వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయలో ఈ తీగలను పాకించేది కొబ్బరిపీచు తాళ్ల మీద. ఆ తాళ్లు శ్రీలంక నుంచీ మన దేశం నుంచీ వెళ్తాయి.

మాచవరంలో ఇది పండదు. నేల మంచిది కాక కాదు, సాగర్ కుడి కాలువ నీళ్లు లేకా కాదు. హాప్స్‌కు వేసవిలో పొడుగాటి పగళ్లు కావాలి. మంచి దిగుబడికి చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి కూడా ఉండాలంటారు. యాకిమాలో జూన్ పగలు పదహారు గంటలకు దగ్గరగా ఉంటుంది. మన పల్నాడులో పదమూడు గంటలు దాటితే గొప్ప. పగలు చాలకపోతే తీగ ఎదగాల్సిన ఎత్తు ఎదగకముందే పూతకొస్తుంది. మన దేశంలో హాప్స్ పండే చోటు హిమాచల్‌లోని లాహౌల్ లోయ. ఆ పంట ఏ మూలకూ చాలక మన బీరు కంపెనీలు చాలావరకు విదేశాల నుంచే తెప్పించుకుంటాయి.

ఈ చదువులో నన్ను కట్టిపడేసిన విషయం వేరే ఉంది. హాప్స్ చేదు కోసమే వేస్తారని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద పని, బీరు పాడవకుండా కాపాడటం. అందులోని ఆమ్లాలు బీరును పులగొట్టే బ్యాక్టీరియాను ఎదగనివ్వవు, సారాయం పుట్టించే ఈస్టు జోలికి మాత్రం పోవు. జర్మనీలోని బవేరియా పాలకులు 1516లో చేసిన చట్టంలో బీరుకు నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప మరేదీ వాడరాదన్నారు. ఇంగ్లండు నుంచి మన దేశం లాంటి వేడి దేశాలకు ఓడల్లో పంపే బీరులో హాప్స్ మరింత ఎక్కువ వేసేవారు. ఇది చదివినప్పుడు నాకు చిన్ననాడు చూసిన, నీరా అనే పులవని తియ్యటి తాటిరసం పట్టే లొట్టి, దాని లోపలి తెల్లటి సున్నం పూత గుర్తుకొచ్చాయి. ఆ పని పిడుగురాళ్ల సున్నం చేస్తోంది కదా అనిపించింది. మళ్లీ దగ్గరుండి చూడాలనుకున్నాను.

ఊరి బయట మిరపచేను గట్టు మీద గీత గీసే పెద్దాయన దొరికాడు. వయసు అరవై దాటింది. తెల్లవారకముందే వచ్చి కత్తి నూరుకుంటున్నాడు. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి, కత్తిని అటూ ఇటూ మెల్లగా లాగుతున్నాడు. మధ్యమధ్య గోటి మీద అంచు ఆనించి పదును చూస్తున్నాడు. "కత్తి మొద్దుబారితే గెల నలిగిద్ది అబ్బాయ్. నలిగితే కారదు" అన్నాడు. నడుముకు మోకు చుట్టి, కాళ్లకు బంధం వేసుకుని, లొట్టి వెనక తగిలించుకుని ఎక్కాడు. అంత ఎత్తు చెట్టు ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

తాటిలోనూ ఆడా మగా వేరు వేరు చెట్లు. హాప్స్‌లో మగ తీగను తోటలోకి రానివ్వరు, మన తాటిలో పోతుచెట్టూ గీతకు వస్తుంది, కాయలు కాసే పెంటిచెట్టూ వస్తుంది. పోతుచెట్టు గెలలు వేళ్లలా విడివిడిగా ఉంటాయి. అవి విచ్చుకోకముందే కర్రల మధ్య పెట్టి కొన్నాళ్లు మెల్లగా నలుపుతారు. తర్వాత కలిపి కట్టి, కొసను రోజూ పల్చగా చెక్కుతారు. నేను కింది నుంచి చూస్తుండగా ఆయన చెక్కిన పొర గాల్లో తేలుతూ వచ్చి నా ముందు పడింది. తీసి చూస్తే అవతలి వెలుగు కనపడేంత పల్చన. పొర మందంగా తీస్తే గెల తొందరగా అయిపోతుంది, మరీ పల్చగా తీస్తే నిన్నటి కోత ఎండిన పొర పోదు, చుక్క రాలదు. ఆ మందం ఆయన చేతికే తెలుసు, ఏ పుస్తకంలోనూ దొరకదు.

రెండు లొట్లు దించాడు. ఒకటి మామూలుది, లోపల ముదురు రంగు మడ్డి పట్టి ఉంది. రెండోదానికి లోపల సున్నం పూశాడు, నేను ముందురోజు అడిగానని. మామూలు లొట్టిలోది అప్పటికే నురగ కట్టింది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటలాడుతోంది. సున్నం లొట్టిలోది నిలకడగా, తియ్యగా ఉంది.

"ఆ లొట్టిని ఎందుకు కడగరు బాబాయ్?" అన్నాను.

"మరీ తోమితే కల్లు సరిగా పొంగదు. పాత మడ్డి కొంచెం ఉండాల. సున్నం లేకపోతే పొద్దెక్కేసరికి పులిసిద్ది, సాయంత్రానికి పుల్లటి నీళ్లే. సున్నం ఉంటే పులవదు, కల్లూ అవదు. నీకేది కావాలో నువ్వే తేల్చుకోవాల" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తాటి గెల నుంచి కారే రసంలో నూటికి పది, పన్నెండు వంతులు చక్కెర ఉంటుంది. గాలిలో, లొట్టి మడ్డిలో ఉన్న ఈస్టు దాని మీద పడి కొన్ని గంటల్లోనే కల్లుగా మారుస్తుంది. నాలుగైదు శాతం సారాయంతో మామూలు బీరంత బలం వస్తుంది. అక్కడితో ఆగదు. వెంటనే బ్యాక్టీరియా అందుకుని కల్లును వెనిగరు వైపు లాక్కుపోతుంది. సున్నం రసాన్ని క్షారంగా మారుస్తుంది కాబట్టి ఈస్టూ బ్యాక్టీరియా రెండూ తలెత్తలేవు. హాప్స్ ఒకదాన్ని వదిలి రెండోదాన్ని ఆపుతుంది, సున్నం రెండింటినీ ఆపుతుంది. కాబట్టే బీరు నెలల తరబడి నిలుస్తుంది, కల్లు పూట దాటదు. కల్లు గీసేవాడి బతుకంతా ఈ ఒక్క పూటలోనే ఇరుక్కుపోయింది. దించిన పూటే అమ్ముడుపోవాలి. పోకపోతే ఆ రోజు ఎక్కిన చెట్లన్నీ వృథా.

నిలవుండే దారి నీరా, దాన్ని కాచిన బెల్లం. గాంధీజీ తాటిబెల్లాన్ని ఊరూరా పరిశ్రమగా చేయమని చెప్పింది ఈ తియ్యటి రసాన్ని చూసే. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి మీద ఏళ్లుగా పనిచేస్తోంది. కొబ్బరి గెలకు మంచు పెట్టె తగిలించి, సున్నం అవసరం లేకుండానే రసాన్ని చల్లగా పట్టే పద్ధతిని కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ తయారుచేసింది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. మాచవరం గట్టు దగ్గరికి మాత్రం ఐసు పెట్టె రాలేదు. పెద్దాయనను అడిగితే, "మంచు తెచ్చేవాళ్లుంటే నేను ఎక్కనంటానా? కొనేవాళ్లేరీ?" అన్నాడు. బస్తాలకొద్దీ సున్నం దేశమంతటా పంపే ప్రాంతం మనది. ఆ సున్నమే చాలు, ఐసు పెట్టె లేకపోయినా తాటిబెల్లానికి. కావలసింది రోజూ పొద్దున్నే రసం సేకరించే ఒక సొసైటీ, కాచే పొయ్యి, అమ్మే దుకాణం.

చెట్టు తగ్గితే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. కల్లు అడిగేవాళ్లు ఉండి, గీసే చెట్లు లేనిచోట నీళ్లల్లో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలం కలిపి కల్లు పేరుతో అమ్మారు. జనం ఆసుపత్రుల పాలయ్యారు, చనిపోయారు. గీసేవాడి వృత్తికి ఆ కల్తీతో ఏ సంబంధమూ లేదు. అయినా చెడ్డపేరు అతనికే వచ్చింది. పైగా ప్రతి సీజన్లో చెట్ల మీద నుంచి జారిపడి చనిపోయేవాళ్లు, నడుములు విరిగేవాళ్లు ఉన్నారు. తెలంగాణలో 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీతకార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర కూడా ప్రతి మోకు వెంటా అలాంటి కిట్టు ఉండాలి. ఎక్కిన మనిషి క్షేమంగా దిగడం నీరా కంటే, కల్లు కంటే ముందు చూడాల్సిన సంగతి.

పెద్దాయన కొడుకు పిడుగురాళ్లలో లారీ నడుపుతాడు, చెట్టెక్కడు. ఎక్కమని ఈయన కూడా చెప్పలేదు. "మా నాయన గీసిన చెట్లు ఈ గట్టునే ఉండేవి. గట్టు వెడల్పు చేసినప్పుడు కొన్ని కొట్టారు, కరెంటు లైను కింద కొన్ని కొట్టారు" అని వేలు చూపించాడు. మొదళ్లు ఇంకా కనపడుతున్నాయి. కొట్టినవాటి స్థానంలో కొత్తవి నాటలేదు.

మేనల్లుడికి ఆ రాత్రే చెప్పాను. హాప్స్ నీ కంచె మీదే ఉండనీ, మనకు గెలనిచ్చే చెట్టు గట్టు మీదే ఉంది, దానికి కావలసిన సున్నం పక్క ఊళ్లోనే కాలుతోంది అని.

పల్నాడు రైతులకు నా విన్నపం ఒకటే. ఆగస్టు, సెప్టెంబరుల్లో తాటిపండ్లు రాలతాయి. రసం తీసుకున్నాక టెంకలు పారేయకండి. తాటి మొక్కను పెంచి పీకి నాటడం కుదరదు, మొదటి వేరు నిలువునా లోతుకు దిగుతుంది. అందుకని చెట్టు ఎక్కడ కావాలో అక్కడే, కరెంటు తీగలకు దూరంగా, గట్టు మీద టెంకను పాతండి. నీళ్లు పోయనక్కర్లేదు, పసరాలు తొక్కకుండా ముళ్లకంప అడ్డం పెడితే చాలు. ఆ చెట్టు గీతకు రావడానికి పన్నెండు నుంచి పదిహేనేళ్లు పడుతుంది, కాబట్టి ఈ ఏడే పాతండి.