హార్స్లీ కొండపై అరుంధతీ దర్శనము

మదనపల్లెకు చేరువనున్న హార్స్లీ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ యనియు పేరు గలదు. ఎత్తు సుమారు 4,100 అడుగులు. వేసవిలో చల్లదనమునకై అచ్చటికి పోవువారు పెక్కుమంది. మేము వైశాఖ అమావాస్యనాడు చీకటికై పోయితిమి. తిరుపతి దీపముల వెలుగులో చిన్న చుక్కలు కానరావు గదా!

పెండ్లినాడు పురోహితులు అరుంధతిని చూపుదురు. పందిరి క్రింద, ఒక్కొక్కచోట పట్టపగలే, కనబడినదని వధువు తలయూపును. మా యింటి స్త్రీలలో ఆమెను నిజముగా చూచినవారు లేరు.

రాత్రి తొమ్మిది గంటలకు సప్తర్షులు ఉత్తరమున నెత్తుగా నుండిరి. కెమేరాను మూడుకాళ్ల స్టాండుపై బిగించి, ఒక పెద్ద చుక్క సన్నని బిందువుగా కనబడువఱకు కటకమును సరిచేసి, చేయి తగులనీయక పది సెకండ్లు తెరచి యుంచితిమి. నిమిషములకొలది తెరచినచో భూభ్రమణముచే చుక్కలు గీతలగును.

చిత్రమును పెద్దదిగా చేసి చూడగా, వసిష్ఠుని ప్రక్కనే అరుంధతి విడిగా వెలుగుచుండెను. మా అత్తగారు కండ్లద్దములు సవరించుకొని, "పెండ్లయిన నలువదేండ్లకు కనబడినదే యమ్మా!" అనిరి.

1857లో అమెరికాయందలి హార్వర్డు వేధశాలలో జార్జి బాండు ఛాయాచిత్రము తీసినది ఈ దంపతులనే. జంటచుక్కల ఛాయాచిత్రములలో అదియే మొదటిది.

సోదరీమణులారా! మబ్బును వెన్నెలయు లేని వేసవి రాత్రి, దీపములకు దూరముగా మీరును ప్రయత్నింపుడు. మీ కుమార్తెలకు పెండ్లికి ముందే ఈ చుక్కను చూపుడు.